ఇంటిల్లిపాదీ గురి నేర్చుకోవాలంటే ఏ పిస్టల్ కొనాలి? పెబ్బేరు లాంటి ఊళ్ల కుటుంబాలకు ఒక హిసాబ్

ఉర్సులో, జాతరలో, ఎగ్జిబిషన్ గ్రౌండులో బెలూన్లు పేల్చే స్టాల్ కనిపిస్తే పిల్లలు ముందుకు కదలరు. అబ్బా రెండు గుళ్లు పేలుస్తాడు, అమ్మీ ఒకటి పేలుస్తుంది, చివరికి ఇంట్లో అందరికన్నా చిన్న పాపే బెలూన్ కొడుతుంది. ఆ సరదా ఇప్పుడు చాలా ఇళ్లలో ప్రశ్నగా మారుతోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియేకు చెందిన యూసుఫ్ డికెచ్ 51 ఏళ్ల వయసులో మామూలు కళ్లద్దాలు పెట్టుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం కొట్టాడు. ఆ ఫొటో ఫోన్ ఫోన్‌కూ తిరిగింది. అవే పోటీల్లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా అక్కడ దేశం తరఫున పోటీపడింది.

దాంతో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు కుటుంబాల్లోనూ ఈ మాట వినిపిస్తోంది: ఇంట్లో అందరం నేర్చుకోవడానికి చవకలో ఒక చిన్న పిస్టల్ దొరుకుతుందా? దొరికితే ఏది కొనాలి?

ముందే చెప్పాలంటే, కుటుంబానికి సరిపోయేది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్. తూటా పేల్చే .22 పిస్టల్ మొదటి మెట్టు కాదు. ఇంకో మాట కూడా ఉంది. మొదటి డబ్బు పిస్టల్ మీద పెట్టకూడదు, కోచ్ దగ్గర గడిపే టైమ్ మీద పెట్టాలి. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండు ‘పాయింట్ టూ టూ’లు

దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ జనం ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ‘.22’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది మందుగుండుతో పేలే .22 లాంగ్ రైఫిల్ తూటా. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది ఇదే. రెండోది గాలితోనే పనిచేసే .22 ఎయిర్ గన్. దాని బోరు 5.5 మిల్లీమీటర్లు. ఇక 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో వాడేది .177, అంటే 4.5 మిల్లీమీటర్లది.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్ గన్‌కు గానీ ఎయిర్ పిస్టల్‌కు గానీ లైసెన్సు అక్కర్లేదు అనాలంటే రెండు షరతులు ఉండాలి. బోరు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. ఛర్రా బయటికి వచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ మించకూడదు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాల్సిందే. అంటే .22 ఎయిర్ పిస్టల్ గాలితో పనిచేసేదే అయినా లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. ‘గాలి తుపాకీయే కదా భాయ్, ఏం కాదు’ అని దుకాణదారు చెప్పినంత మాత్రాన చట్టం మారిపోదు. డబ్బా మీద, బిల్లు మీద ‘.177’ అని, శక్తి ఎన్ని జౌల్సో రాసి ఉందా లేదా చూసుకుని తీసుకోవాలి.

పోటీ ఎయిర్ పిస్టల్ ఆ హద్దుకు చాలా కిందే ఉంటుంది. అర గ్రాము ఛర్రా సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళితే శక్తి ఆరు జౌల్స్ లోపే. .22 తూటా శక్తి 100 జౌల్స్ పైమాటే. ఇంటి ప్రాక్టీసుకు ఏది తగినదో ఈ అంకెలే చెప్తాయి. అయినా ఆరు జౌల్స్ అంటే తక్కువేం కాదు. కన్ను పోగొట్టడానికి అది చాలు.

.22 పిస్టల్ ఎందుకు వద్దు

ఆయుధాల చట్టం 1959 ప్రకారం .22 పిస్టల్‌కు లైసెన్సు తప్పనిసరి. కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 12 ఏళ్లు దాటిన పిల్లలు క్రీడా శిక్షణ కోసం మాత్రమే, నిబంధనలకు లోబడి, పెద్దల పర్యవేక్షణలో వాడే వీలుంది. జిల్లాలో దరఖాస్తు కలెక్టర్ దగ్గరికి వెళుతుంది. పోలీసు విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు కాగితం అన్నీ కావాలి. లైసెన్సు వచ్చాక దాన్ని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎన్నికల కోడ్ వస్తే ఆయుధాన్ని డిపాజిట్ చేయమని పోలీసులు అడుగుతారు. తూటాల కొనుగోలుకూ లెక్క చూపాలి. పోటీల్లో వాడే మంచి .22 పిస్టళ్లు విదేశాల్లో తయారవుతాయి. వాటి దిగుమతి సౌకర్యం పోటీల్లో స్కోరు చూపి గుర్తింపు పొందిన షూటర్లకే దక్కుతుంది.

ఇదంతా పిల్ల సరదాగా గురి నేర్చుకోవడానికి కాదు, ఆ ఆటలో చాలా దూరం వెళ్లినవాళ్లకు. అడ్డదారి గురించి అయితే ఆలోచనే వద్దు. ఎవరో తెచ్చిపెడతామన్న నాటు పిస్టల్, తపంచా, లైసెన్సు లేని .22 ఏది దొరికినా 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్ల జైలు, అయిదేళ్ల దాకా పోవచ్చు. పైగా నాటు పిస్టల్ పట్టుకున్నవాడి చేతిలోనే పేలే ప్రమాదం కూడా ఉంది.

.22 అనుభవం కావాలనుకునే పిల్లలకు ఖర్చు లేని దారి ఒకటుంది. స్కూల్లో, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే అందులో చేరడమే. క్యాడెట్లకు .22 రైఫిల్ ఫైరింగ్ శిక్షణలో భాగంగానే ఉంటుంది. అది పిస్టల్ కాదు గానీ ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, క్రమశిక్షణ అక్కడే వస్తాయి.

ఎయిర్ పిస్టల్స్‌లో రకాలు

లైసెన్సు అక్కర్లేని .177లోనూ అన్నీ ఒకటి కాదు. గాలి ఎలా తయారవుతుందన్న దాన్ని బట్టి నాలుగు రకాలు.

స్ప్రింగ్ పిస్టల్: బారెల్ విరిచినట్టు వంచి లోపలి స్ప్రింగ్ బిగించాలి. అన్నిటికన్నా చవక, కొన్ని వేలల్లోనే దొరుకుతుంది. సిలిండర్ గోల లేదు. కానీ పేల్చినప్పుడు లోపలి పిస్టన్ ముందుకు దూకడం వల్ల చెయ్యి కుదుపుకు లోనవుతుంది. ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది. ఛర్రా లేకుండా ఖాళీగా పేలిస్తే పాడవుతుంది. పిల్లలకు బిగించడమే కష్టం.

సీఓటూ పిస్టల్: చిన్న గ్యాస్ గుళికతో నడుస్తుంది. తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ గ్యాస్ ఒత్తిడి వాతావరణాన్ని బట్టి మారుతుంది. మే నెలలో పాలమూరు ఎండలో ఒక రకంగా, డిసెంబర్ పొద్దున మరో రకంగా కొడుతుంది. గుళికలు మళ్లీ మళ్లీ కొనాలి. అసలు తుపాకీలా కనిపించే మోడళ్లు ఎక్కువగా ఈ రకంలోనే వస్తాయి. కుటుంబానికి అవి అస్సలు వద్దు, కారణం కింద ఉంది.

సింగిల్ స్ట్రోక్ పిస్టల్: పక్కనో కిందో ఉన్న లివర్‌ను ఒక్కసారి లాగితే గాలి నిండుతుంది. కుదుపు లేదు, సిలిండర్ లేదు, గ్యాస్ ఖర్చు లేదు. రష్యాలో తయారైన ఐజెడ్‌హెచ్-46ఎం ఈ రకంలో పేరున్నది. పెద్దవాళ్లకు చాలా మంచి ఎంపిక. ప్రతి షాట్‌కూ లివర్ లాగాలి కాబట్టి పన్నెండేళ్ల పిల్లకు 60 షాట్లు అంటే చెయ్యి అలిసిపోతుంది.

పీసీపీ పిస్టల్: బారెల్ కింద చిన్న సిలిండర్, అందులో దాదాపు 200 బార్ ఒత్తిడితో గాలి. ఒకసారి నింపితే ఒక పూట ప్రాక్టీసు హాయిగా సాగుతుంది. కుదుపు దాదాపు లేదు. ఒలింపిక్స్‌లో కనిపించేవన్నీ ఇవే: స్టెయర్, మొరీనీ, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దినీ. కొత్తది లక్ష దాటుతుంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నదానికి ఇంకా ఎక్కువ పెట్టాలి.

ఇక్కడ డికెచ్ సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఆయన ‘ఏ సామానూ లేకుండా’ గెలిచాడని చాలామంది అనుకున్నారు. అది సగమే నిజం. ఆయన చేతిలో ఉన్నది పోటీ పిస్టలే, వెనకాల ఏళ్ల సాధన ఉంది. లేనివి పైపై సామాన్లు మాత్రమే. కానీ ఆ ఫొటోలో మధ్యతరగతి కుటుంబానికి పనికొచ్చే విషయం ఒకటుంది. రైఫిల్ షూటర్‌కు గట్టి జాకెట్, ప్యాంటు, ప్రత్యేక బూట్లు కావాలి. పిస్టల్‌కు అవేవీ అక్కర్లేదు. మామూలు బట్టలు, చదునైన అడుగున్న బూట్లు చాలు. హిజాబ్‌తోనూ అడ్డు లేదు. ఇరాన్ అమ్మాయి గొల్నూష్ సెబ్‌ఘతుల్లాహీ హిజాబ్‌తోనే అంతర్జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్టల్ ఆడుతుంది. వయసూ అడ్డు కాదు. టోక్యోలో ఈ పోటీలో బంగారం గెలిచిన ఇరాన్ షూటర్ జవాద్ ఫొరూఘీ వృత్తిరీత్యా నర్సు, అప్పటికి వయసు 41.

ధర కన్నా ముందు చెయ్యి చూడాలి

చెప్పుల దుకాణంలో కాలు పెట్టి చూడకుండా ఎవరూ చెప్పులు కొనరు. పిస్టల్ పిడి కూడా అంతే. పోటీ పిస్టళ్ల పిడి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేర్వేరుగా వస్తుంది. అబ్బా చేతికి సరిపోయింది పాప చేతిలో జారుతుంది. పిడి జారితే గురి నిలవదు.

ఒకే పిస్టల్ ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడాలంటే ఒక ఉపాయం ఉంది. చాలా పోటీ పిస్టళ్లకు పిడి స్క్రూతో ఊడి వస్తుంది. రెండు పిస్టళ్లు కొనేకన్నా ఒక పిస్టల్, రెండు పిడిలు కొనుక్కోవడం ఎంతో చవక. అయితే ఆ మోడల్‌కు విడిగా పిడి దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

బరువు రెండో విషయం. నిబంధనల ప్రకారం 10 మీటర్ల పిస్టల్ 1500 గ్రాములు మించకూడదు. చాలా పోటీ పిస్టళ్లు కిలోకు అటూ ఇటూ ఉంటాయి. ఒంటిచేత్తో చాచి పట్టుకుంటే కిలో కూడా బరువే. పిల్లల కోసం పొట్టి బారెల్ మోడళ్లున్నాయి. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలన్నది పోటీ నియమం. చవక పిస్టళ్లలో ట్రిగ్గర్ దీనికి ఎన్నో రెట్లు గట్టిగా ఉంటుంది. పదో వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే, రూపాయి బిళ్ల కన్నా చిన్నది. ట్రిగ్గర్ గుంజితే చెయ్యి కదులుతుంది, ఛర్రా పక్కకు పోతుంది. పిల్ల ‘నాకు రాదు’ అని వదిలేస్తుంది. చాలాసార్లు లోపం పిల్లలో ఉండదు, పిస్టల్‌లో ఉంటుంది.

అసలు హిసాబ్

పిస్టల్ ధర ఒక్కటే ఖర్చు కాదు. కాగితం మీద మూడు గీతలు గీయండి: కొనేది, నడిపేది, అమ్మితే తిరిగొచ్చేది.

నడిపే ఖర్చులో మొదటిది ఛర్రాలు. ఒక పోటీ అంటే 60 షాట్లు, 75 నిమిషాలు. వారానికి నాలుగు రోజులు అరవైచొప్పున కొడితే 240. పోటీ ఛర్రాల డబ్బాలో సాధారణంగా 500 ఉంటాయి. అంటే ఒక్కరికే రెండు వారాలకో డబ్బా. ఇద్దరు పిల్లలైతే వారానికో డబ్బా. నెలకు ఎంతవుతుందో దుకాణంలో ధర అడిగి మీరే గుణించుకోండి. టార్గెట్ కాగితాలు, గాలి నింపే పంపు, ఏడాదికోసారి సర్వీసింగ్, కోచింగ్ ఫీజు, రేంజ్ ఫీజు దీనికి కలపండి.

మూడో గీతను చాలామంది మర్చిపోతారు. ఎనిమిది వేల స్ప్రింగ్ పిస్టల్ కొని ఆర్నెల్లకు పిల్ల విసుగుపడితే అది అటకెక్కుతుంది, తిరిగొచ్చేది దాదాపు సున్నా. పేరున్న కంపెనీ పోటీ పిస్టల్‌ను మాత్రం షూటర్లు సెకండ్ హ్యాండ్‌లో అడిగి తీసుకుంటారు. అందుకే చవక పిస్టల్ కొన్నిసార్లు ఖరీదైపోతుంది.

అలాగని లక్షన్నర అప్పు చేసి కొనమని కాదు. అంత డబ్బు ఇంట్లో ఉంటే అది పిల్లల కాలేజీ ఫీజుకో, ఆస్పత్రి అవసరానికో దాచుకున్నది అయి ఉంటుంది. మధ్యేమార్గం క్లబ్ పిస్టల్. శిక్షణ కేంద్రాల్లో కొత్తవాళ్లకు పిస్టల్ అక్కడే ఇస్తారు. మూడు నుంచి ఆరు నెలలు దాంతోనే నేర్చుకోవాలి. పిల్లకు నిజంగా ఇష్టముందా, స్కోరు పెరుగుతోందా అన్నది ఆ లోపల తేలిపోతుంది. జబల్‌పూర్‌కు చెందిన రుబీనా ఫ్రాన్సిస్ తండ్రి మెకానిక్. ఆమె గగన్ నారంగ్ స్థాపించిన ‘గన్ ఫర్ గ్లోరీ’ అకాడమీ శిక్షణతో మొదలుపెట్టి, తర్వాత మధ్యప్రదేశ్ రాష్ట్ర అకాడమీకి చేరి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ కాంస్యం గెలిచింది. ఆ ఇంటికి దారి చూపింది అకాడమీయే.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే

అమ్మే మనిషి ఇంట్లో కాదు, కోచ్ ఎదురుగా రేంజ్‌లో చూడాలి. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. దాని ఆయుష్షు పదేళ్లే. గడువు దాటిన సిలిండర్‌ను పోటీల్లో ఒప్పుకోరు, వాడటం ప్రమాదం కూడా. కొత్త సిలిండర్ ధర తగ్గించి బేరమాడాలి. గాలి నింపి ఒక రాత్రి ఉంచితే మీటరు ముల్లు కిందికి దిగకూడదు. దిగితే లీకేజీ ఉన్నట్టు. పాత బిల్లు, సీరియల్ నంబర్ తప్పక తీసుకోవాలి. మీ పేరిట అమ్మినట్టు రాయించుకుని, అమ్మినవాళ్ల గుర్తింపు కార్డు జిరాక్స్ దగ్గర పెట్టుకోవాలి.

విడిభాగాలు, రిపేరు హైదరాబాద్‌లో దొరుకుతాయా అనేది ఇంకో ప్రశ్న. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించింది. విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. అంత మంచి పిస్టలే చెడిపోయినప్పుడు, బాగుచేసే మనిషి లేని మోడల్ ఎంత చవకైనా అనవసరం.

ఇంట్లో పెట్టుకుంటే

లైసెన్సు లేదంటే నియమాలు లేవని కాదు. ఈ నాలుగూ ఇంట్లో అందరికీ నోటికి రావాలి. ప్రతి పిస్టల్‌నూ ఛర్రా నిండి ఉన్నట్టే చూడాలి. మూతి ఎప్పుడూ మనిషి వైపు తిప్పకూడదు. గురి మీద కన్ను పడే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ వెనకాల ఏముందో తెలియకుండా పేల్చకూడదు.

ఇంటి పెరట్లో పది మీటర్ల చోటున్నా, వెనక గట్టి గోడ, దాని ముందు ఛర్రాలు పట్టే ఇనుప పెట్టె ఉండాలి. డాబా మీద, వీధి వైపు, పక్కింటి గోడ వైపు ఎప్పుడూ వద్దు. కళ్లద్దాలు అందరూ పెట్టుకోవాలి, చూసేవాళ్లు కూడా. పని అయ్యాక బారెల్‌లో రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, పిస్టల్ ఒక తాళంలో, ఛర్రాలు మరో తాళంలో పెట్టాలి. ఈద్‌కు చుట్టాలొచ్చి ఇల్లు పిల్లలతో నిండినప్పుడు తాళం చెవి పెద్దవాళ్ల జేబులో ఉండాలి.

ఛర్రాలు సీసంతో చేసినవి. ప్రాక్టీసు తర్వాత సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టుకోవద్దు. గర్భిణులు, చిన్నపిల్లలు వాటిని తాకకుండా చూడాలి.

పిట్టల మీద, పావురాల మీద, పొలంలో నెమలి మీద సరదాకైనా గురిపెట్టకూడదు. నెమలిని చంపితే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కనీసం మూడేళ్ల జైలు. షాదీలో, బారాత్‌లో లైసెన్సు ఉన్న తుపాకీ గాల్లోకి పేల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు.

బయటికి తీసుకెళ్తే

ఎయిర్ పిస్టల్ దూరం నుంచి చూసేవాళ్లకు పిస్టలే. బస్టాండులో ఒక కుర్రాడి బ్యాగులోంచి అది బయటపడితే, అది ఆట సామాను అని చెప్పుకునే లోపే సంగతి చాలా దూరం పోతుంది. అందుకే అసలు తుపాకీలా ఉండే నల్లటి సీఓటూ మోడళ్లు వద్దన్నది. పోటీ పిస్టల్ ఆకారమే వేరు, కర్ర పిడి, సిలిండర్ చూస్తే ఆట వస్తువని తెలుస్తుంది.

ఎప్పుడూ తాళం వేసిన పెట్టెలోనే, ఛర్రాలు విడిగా, సిలిండర్ వేరుగా తీసుకెళ్లాలి. బిల్లు, క్లబ్ ఐడీ, పోటీ ఉంటే ఎంట్రీ కాగితం పెట్టెలోనే ఒక కవరులో, ఫోన్‌లో ఒక ఫొటోగా ఉండాలి. మైనర్ ఒంటరిగా తీసుకెళ్లకూడదు. విమానంలో అయితే ముందే చెప్పి చెక్-ఇన్ లగేజీలోనే ఇవ్వాలి. ఎండలో కారు డిక్కీలో నిండు సిలిండర్ వదిలేయకూడదు. పిస్టల్ పట్టుకుని రీల్స్ చేయడం, స్టేటస్ పెట్టడం పూర్తిగా మానేయాలి. ఒక్క వీడియో పిల్లవాడి చదువుకూ, ఉద్యోగానికీ అడ్డం రావచ్చు.

పెబ్బేరు నుంచి మొదలుపెడితే

44వ నంబర్ హైవే మీద పెబ్బేరు నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ప్రతి రోజూ గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్లిరావడం కుదరని పని. కానీ ఈ ఆటలో సగానికి పైగా ప్రాక్టీసు ఛర్రా లేకుండానే జరుగుతుంది. తెల్ల గోడ ముందు నిలబడి, చెయ్యి చాచి, గురిబిళ్లల మీద కన్ను నిలిపి, ఖాళీ ట్రిగ్గర్ నొక్కడం. దీన్నే డ్రై ప్రాక్టీస్ అంటారు. పిస్టల్ లేనప్పుడు కిలో బరువు నీళ్ల సీసాను చాచిన చేత్తో అర నిమిషం కదలకుండా పట్టుకోవడం కూడా సాధనే. ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018 జాతీయ పోటీల్లో సీనియర్ విభాగంలో మను భాకర్, హీనా సిద్ధూలను దాటి బంగారం గెలిచింది. ఆమె సాధనలో కొంత భాగం ఇంట్లోనే తండ్రి ఏర్పాటు చేసిన చోట సాగింది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోవచ్చు. ముందు సెలవుల్లో ఒకసారి హైదరాబాద్ వెళ్లి, తెలంగాణ రైఫిల్ అసోసియేషన్‌తో సంబంధమున్న కోచ్ దగ్గర క్లబ్ పిస్టల్‌తో ఇంట్లో అందరూ కొట్టి చూడండి. నిలబడటం, పట్టుకోవడం నేర్చుకుని ఇంటికొచ్చి మూడు నెలలు గోడ ముందు సాధన చేయండి. నెలకోసారి వెళ్లి కోచ్‌కు చూపించండి. మూడు నెలల తర్వాతా పిల్ల తనంతట తానే గోడ ముందు నిలబడుతుంటే అప్పుడు పిస్టల్ మాట ఎత్తండి. అప్పుడూ మొదట చూడాల్సింది సెకండ్ హ్యాండ్ .177 పీసీపీయే. పెద్దవాళ్ల కోసమే అయితే సింగిల్ స్ట్రోక్ చాలు. బెలూన్ సరదా వరకే అయితే ఏదీ కొనక్కర్లేదు, ఉర్సు మళ్లీ ఏడాది వస్తుంది.